ఆరోగ్యవంతుల పట్టిక

"పొయ్యి ఊదినట్టు కాదు బాబూ. వేడి పాల మీద మీగడ చెదరకుండా ఊదాల. మెల్లగా, ఒకే తీరుగా. పది లెక్కెట్టీదాకా ఆపకూడదు."

ఈ పాఠం చెబుతున్నది డాక్టరూ కాదు, నర్సూ కాదు. కొండవాలు పార్కు ఉత్తరం గేటు దగ్గర ఆకుకూరల జ్యూసు బండి నడిపే నూకరత్నం. చెప్పించుకుంటున్నది ఆ పార్కు వాకర్స్ క్లబ్బు ప్రెసిడెంటు బెహరా సూర్యప్రకాశం గారు. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. డెబ్భై ఒకటో ఏట కూడా రోజుకు ఏడు కిలోమీటర్లు నడుస్తారు. ఆయన చేతిలో బొటనవేలంత లావున, జానెడు పొడవున ఒక తెల్లటి గొట్టం ఉంది. రెండుసార్లు ఆయన రొమ్ము విరుచుకుని ఊదేసరికి అది కీచుమని అలిగి ఊరుకుంది. మూడోసారి మీగడను తలుచుకుని ఊదారు. గొట్టం పక్కన అంకె వెలిగింది. ముప్ఫై ఆరు.

"ఎన్నింటికి?" అని అడిగారు బెహరా గారు. ఆయన లెక్కలో అంకె అంటే మార్కులే.

పార్కు కమ్యూనిటీ హాలు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న డాక్టర్ చైత్ర నవ్వింది. ఇందులో పాసూ ఫెయిలూ లేవండీ, మీకు ఏ జబ్బూ లేదు కనక మీకెంత వస్తే అదే ఆరోగ్యం అని చెప్పి, ఆ అంకెను కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. ఆ చిన్న మాటలో ఎంత ప్రమాదం దాగి ఉందో ఆ ఉదయం ఆమెకు తట్టలేదు. వరండా మెట్టు మీద కూర్చుని తర్వాతి మనిషికి ఊదడం నేర్పుతున్న నూకరత్నానికీ తట్టలేదు.

ఇదంతా ఇంకో పాతికేళ్ళ తర్వాతి విశాఖపట్నం. బీచ్ రోడ్డు మీద బస్సులు డ్రైవర్లు లేకుండా తిరుగుతున్నాయి. తెల్లవారుజామున వీధులు ఊడ్చేవి యంత్రాలే. నూకరత్నం బండి పైకప్పు కూడా ఎండతోనే మిక్సీ తిప్పుతుంది. మనుషులకు ఉబ్బసం మాత్రం ఎక్కడికీ పోలేదు. పోలేదు గానీ, దాన్ని కనిపెట్టుకుని ఉండే పనిముట్టు ఒకటి వచ్చింది. అదే ఈ గొట్టం. దానికి కంపెనీ పెట్టిన పేరేదో ఉంది గానీ విశాఖలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పూర్వం కట్టెల పొయ్యి రాజేసే ఇనప గొట్టాన్ని గుర్తుచేస్తుందని అందరూ ఊదుగొట్టం అనే అంటారు.

అది ఏం చేస్తుందో కాస్త నిదానంగా చెప్పుకుందాం. దోమ కుడితే చర్మం మీద దద్దురు లేస్తుంది కదా. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అలాంటి వాపే లోపల, గాలి గొట్టాల గోడల మీద వస్తుంది. దారి ఇరుకైపోతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. లోపలి వాపు కంటికి కనబడదు. అయితే వాచిన చోటు నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టి ఊపిరితో పాటు బయటికి వస్తుంది. ఎంత? పెద్ద లారీకి నిండా బియ్యం పోస్తే సుమారు వంద కోట్ల గింజలు పడతాయి. అందులో ఇరవై గింజలకు మాత్రం ఎర్రరంగు పూశారనుకోండి. ఆ ఇరవైనీ ఏరి లెక్కపెట్టినట్టు ఊదుగొట్టం ఊపిరిలో ఆ వాయువును లెక్కపెడుతుంది. లారీకి ఇరవై వస్తే వాపు లేనట్టు. అరవై వస్తే లోపల మంట రాజుకున్నట్టు.

అక్కడితో అయిపోదు. ఊదుగొట్టానికీ రోగి దగ్గరుండే ఇన్‌హేలర్‌కూ సంబంధం ఉంది. పొద్దున్నే ఊదగానే ఆకుపచ్చ లైటు వెలిగితే ఇన్‌హేలర్ ఒక్క పీల్పు మందే ఇస్తుంది. పసుపు లైటుకు రెండు, ఎరుపుకు నాలుగు. ఆ మొదటి ఊదుకే ఎరుపు వెలిగిందంటే వార్డు ఆరోగ్య కేంద్రంలో నర్సుకు కబురు కూడా పోతుంది; ఆ తర్వాత ఆ రోజు ఎన్నిసార్లు ఊదినా మందూ మారదు, కబురూ పోదు. నూకరత్నానికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసమే. రెండేళ్ళ క్రితం ఈ గొట్టం చేతికొచ్చాక ఆమెకు పొద్దుటిపూట నలభై ఐదూ నలభై ఆరూ వచ్చేది. పసుపు లైటు. రెండు పీల్పులు తీసుకుని, కొండవాలు రోడ్డు మీద బండిని ఆగకుండా తోసుకుంటూ వచ్చేది. అంతకుముందు ఆ ఎత్తు ఎక్కడానికి నాలుగుచోట్ల ఆగేది.

మరి ఏ అంకెకు ఏ లైటు వెలగాలో ఎవరు చెప్పాలి? జ్వరం సంగతే చూడండి. తొంభై ఎనిమిది దాటితే జ్వరమని మనకెలా తెలిసింది? పూర్వం ఎవరో ఓపికగా జ్వరం లేనివాళ్ళ నోట్లో థర్మామీటర్లు పెట్టి చూశారు కనక తెలిసింది. రోగం కొలవాలంటే ముందు ఆరోగ్యాన్ని కొలవాలి. ఊదుగొట్టంలో అప్పటిదాకా ఉన్న పట్టిక ఎక్కడో మంచు కురిసే దేశంలో ఆరోగ్యవంతులను కొలిచి తయారుచేసింది. వాళ్ళ ఎత్తూ వేరు, తిండీ వేరు, పీల్చే గాలీ వేరు. మన ఊరి మనిషికి మన ఊరి పట్టికే ఉండాలని డాక్టర్ చైత్ర పట్టుబట్టింది. ఆలోచన నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఉబ్బసం, తుమ్ములు, సిగరెట్లు ఎరుగని పెద్దవాళ్ళు రెండు వందల నలభై మంది కావాలని ఆమె వెతుకుతుంటే, ఊరంతా చూపించింది కొండవాలు పార్కు వాకర్స్ క్లబ్బునే. ఆరోగ్యం గురించి వాళ్ళకున్నంత పట్టింపు ఇంకెవరికీ లేదు.

పరీక్ష సెప్టెంబరు చివర్లో వారం రోజులు జరిగింది. ముందు రోజే అందరికీ కాగితాలు పంచారు. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోవద్దని అందులో రాసి ఉంది. చైత్ర ఏడు గంటలకు దక్షిణం గేటు వైపు నుంచి వచ్చి బల్ల వేసేసరికి అందరూ నడక ముగించి, ముఖాలు తుడుచుకుని, బెంచీల మీద సిద్ధంగా ఉండేవారు. ప్రతి ఒక్కరినీ ఆమె అడిగేది. ప్రతి ఒక్కరూ ఏమీ పుచ్చుకోలేదని మనస్ఫూర్తిగా చెప్పేవారు. ఊదడం మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. వరండా కింద గ్లాసులు కడుక్కుంటున్న నూకరత్నం రెండు రోజులు ఓర్చుకుని చూసి, మూడో రోజు తనే వచ్చి మెట్టు మీద కూర్చుంది. జబ్బులేని వాళ్ళకు జబ్బున్న మనిషి ఊపిరి తీయడం నేర్పుతోందని సత్యవాణి గారు, బ్యాంకులో పనిచేసి రిటైరయిన ఆవిడ, అందరినీ నవ్వించారు. నూకరత్నం కూడా నవ్వింది. ఆ వారమంతా ఆమె సంతోషంగానే ఉంది. బేరం కూడా బాగుంది. మామూలుగా తెచ్చే తోటకూర, పాలకూర, బీట్‌రూట్ చాలక రెట్టింపు తెప్పించుకోవలసి వచ్చింది.

లెక్కలన్నీ వేశాక చైత్ర ఆశ్చర్యపోయింది. మంచు దేశపు ఆరోగ్యవంతులకు పదిహేనూ ఇరవై వస్తే, విశాఖ ఆరోగ్యవంతులకు ముప్ఫై, నలభై, కొందరికి యాభై దాకా వచ్చింది. మన గాలి గొట్టాల తీరే వేరన్నమాట అనుకుంది. అక్టోబరులో ఆ వార్డులోని ఊదుగొట్టాలన్నింటిలోకీ కొత్త పట్టికను పరీక్షగా ఎక్కించారు. డిసెంబరు ఒకటిన రాష్ట్ర కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు సరే అంటే ఆ పట్టిక రాష్ట్రమంతటికీ వెళుతుంది.

పట్టిక మారిన మర్నాడు నూకరత్నం మామూలుగానే నాలుగింటికి లేచి, ముఖం కడగకముందే ఊదింది. నలభై ఆరు. లైటు ఆకుపచ్చగా వెలిగింది. ఆమె నమ్మలేక రెండోసారి ఊదింది. మళ్ళీ ఆకుపచ్చే. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉబ్బసం ఒక్క రాత్రిలో పోయిందా అనుకుంటూ బండి తోసుకొచ్చి, ఆ రోజు మొదటి పది గ్లాసులూ ఊరికే పోసింది. బెహరా గారు ఆ సంగతి విని ఎంతో సంబరపడి, మా గాలి నీకు పట్టిందన్నారు.

ఇన్‌హేలర్ ఒక్క పీల్పుకు దిగింది.

అక్టోబరు గడిచేసరికి పార్కు చుట్టూ ఏడాకుల పొన్న చెట్లు పూశాయి. పూర్వం ఒక పెద్ద తుపానుకు ఊళ్ళో చెట్లన్నీ కూలిపోతే త్వరగా ఎదుగుతాయని నాటిన చెట్లవి. రాత్రి విచ్చుకుని, తెల్లవారుజాముకల్లా ఘాటైన వాసనతో గాలిని నింపేస్తాయి. ఎండ ఎక్కితే అంత ఉండదు. ఆ పూలకూ నూకరత్నం ఊపిరికీ ఎప్పుడూ పడదు. ఏటా ఆ రెండు నెలలూ కొంచెం కష్టంగా గడిచేవి. ఈసారి కష్టం కొంచెంతో ఆగలేదు. ఉత్తరం గేటు పక్కనే అలాంటి చెట్లు మూడు. వాకర్లు ఐదింటికే వస్తారు కనక ఆమె నాలుగున్నరకే వచ్చి వాటి కింద నిలబడాలి. నవంబరు మొదటి వారానికి ఎత్తు ఎక్కుతూ రెండుచోట్ల ఆగింది. రెండో వారానికి నాలుగుచోట్ల. దిండ్లు మూడు పెట్టుకుంటే తప్ప కునుకు పట్టడం లేదు. పొద్దున్నే ఊదితే నలభై ఎనిమిది. ఆకుపచ్చ.

నర్సుకు చెప్పుకుంది. నర్సు మంచి మనిషి, గొట్టం చూసి, లైటు ఆకుపచ్చగానే ఉందమ్మా, బెంగపెట్టుకోకు అంది. బెహరా గారికి చెప్పుకుంది. యంత్రానికి పక్షపాతం ఉండదు నూకరత్నం, మనసే భయపెడుతుంది అన్నారాయన. అని ఊరుకోలేదు. ఊళ్ళో అందరికీ ఆరోగ్యం పోస్తావు, నువ్వొక్క గ్లాసు తాగవు, అదే లోపం అని తేల్చారు. నిజమే, నూకరత్నానికి పచ్చి ఆకుల పసరు వాసన చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఆయన తన చేత్తోనే ఒక గ్లాసు నింపి ఇచ్చారు. పెద్దాయన మాట కాదనలేక ఆమె ముక్కు మూసుకుని తాగేసింది.

ఏడింటికి బండి సర్దుకుంటుంటే రొమ్ము బిగిసినట్టుగా ఉండి, సంచిలోంచి గొట్టం తీసి ఊదింది. డెబ్భై ఎనిమిది. లైటు ఎర్రగా వెలిగింది.

ఆమె సర్దడం ఆపేసింది. అరుగు మీద కూర్చుని ఊపిరి గమనించుకుంది. గమనించగా ఒక సంగతి తెలిసింది. రొమ్ము పొద్దున ఎంత బిగుతుగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది. నలభై ఎనిమిది డెబ్భై ఎనిమిది అయింది, ఆయాసం మాత్రం పిసరంత కూడా పెరగలేదు.

నూకరత్నం ఏడో తరగతి దాటలేదు. అయినా జ్యూసు బండి మనిషికి ఒక అలవాటు ఉంటుంది. రుచి తేడా చేస్తే అన్నీ ఒకేసారి మార్చదు. ముందు అల్లం తగ్గించి చూస్తుంది, అది కాదంటే నిమ్మ. మర్నాడు ఆమె జ్యూసు తాగలేదు. లేవగానే నలభై ఎనిమిది, ఏడింటికి నలభై తొమ్మిది. ఆ మర్నాడు మళ్ళీ ముక్కు మూసుకుని తాగింది. నలభై ఏడు కాస్తా డెబ్భై ఐదయింది. నాలుగో రోజు అన్నే నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగింది. ఏమీ మారలేదు. ఒక్కటి మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి చూడటం. ప్రయోగశాలల్లో చేసేదీ ఇంతకంటే వేరేమీ కాదు. బండి మూత లోపలి వైపు సుద్దముక్కతో రాసుకున్న ఆ ఎనిమిది అంకెలనూ చూస్తూ నిలబడ్డప్పుడు, పరీక్ష జరిగిన వారంలో రెట్టింపు తెప్పించిన తోటకూర కట్టలు ఆమెకు గుర్తొచ్చాయి.

ఆ రోజు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో మాట ఎలా పాకుతుందో ఆమెకు తెలుసు. ఆకుల జ్యూసుతో అంకె పెరుగుతుందని తాను అంటే, సాయంత్రానికి అది నూకరత్నం జ్యూసు తాగితే ఊపిరితిత్తులు వాస్తాయని తిరుగుతుంది. పద్నాలుగేళ్ళ బండి. ఆ గేటు దగ్గర నిలబడి సంపాదించిన డబ్బుతోనే కూతురిని నర్సింగు చదివించింది.

మర్నాడు ఇన్‌హేలర్ మార్పించుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. ఆమె ముందు టైలరు అప్పలరాజు నిలబడి ఉన్నాడు. అతనిదీ ఉబ్బసమే. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆకుపచ్చ లైటు వెలుగుతున్న గొట్టాన్ని నర్సుకు చూపిస్తూ, క్షమించమన్నట్టుగా అన్నాడు.

"మిషను బాగానే ఉందంటన్నాది సిస్టరుగారూ. తేడా నాలోనే ఉన్నట్టుంది."

నూకరత్నం ఇన్‌హేలర్ తీసుకోకుండానే బయటికొచ్చి బస్సెక్కింది.

డాక్టర్ చైత్ర పనిచేసే పరిశోధన కేంద్రం ఊరి చివర, సముద్రం కనబడే ఎత్తున ఉంది. డిసెంబరు ఒకటికి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. చైత్ర కమిటీ కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటోంది. నూకరత్నం తనతో పాటు బండి మూతనే ఊడదీసి పట్టుకొచ్చింది. బల్ల మీద దాన్ని తిరగేసి పెట్టి, నాలుగు రోజుల సంగతీ వరుసగా చెప్పింది. మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. చైత్ర కళ్ళు అంకెల మీది నుంచి ఆమె మెడ దగ్గర గుంటపడుతున్న చోటుకు వెళ్ళాయి.

"మీరు తాగితే మీకు పెరిగింది, సరే. వాళ్ళు తాగారని ఎలా అనగలరు నూకరత్నం గారూ? అందరూ ఏమీ పుచ్చుకోలేదని నాతో చెప్పారు."

"పోసింది నానే కదమ్మా."

చైత్ర చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

"ఐదింటికి తాగీసి, నడిచీసి, ఏడింటికి మీ దగ్గర ఊదీవోరు. ఒకరని కాదు. అందరూను. నానేమో ఇక్కడ గ్లాసు పోసి, అక్కడికొచ్చి ఎలా ఊదాలో నేర్పీదాన్ని. నాకప్పుడు తట్టలేదు డాక్టరమ్మా."

చైత్ర బండి మూతను తన వైపు తిప్పుకుని అంకెలు మళ్ళీ చదివింది. తర్వాత బడిపిల్లకు చెప్పినంత ఓపికగా, నిజానికి తనకు తానే చెప్పుకుంటున్నట్టుగా చెప్పింది. తోటకూరలో, పాలకూరలో, బీట్‌రూట్‌లో నైట్రేట్ అనే లవణం ఉంటుంది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మార్చడం మొదలుపెడతాయి. ఆ మార్పుల చివర వచ్చే వాయువు ఇదే, నైట్రిక్ ఆక్సైడే. ఒక గంటా రెండు గంటలపాటు ఊపిరిలో అది ఎక్కువగా కనిపిస్తుంది. అందులో వాపూ లేదు, జబ్బూ లేదు. అయితే గొట్టానికి ఆ తేడా తెలియదు. వాపులోంచి వచ్చినదైనా ఆకులోంచి వచ్చినదైనా దానికి ఎర్రగింజ ఎర్రగింజే.

"ఇది నేను చదువుకోని విషయమేమీ కాదు," అంది చివరికి. "అందుకేగా మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దని రాశాను." అని లేచి, తన ఇన్‌హేలర్ల బీరువా తెరిచి, పాత పట్టిక ఉన్న ఊదుగొట్టం ఒకటి, దానికి జతగా ఇన్‌హేలర్ ఒకటి తీసి నూకరత్నం చేతిలో పెట్టింది. ఊదితే నలభై తొమ్మిది. పసుపు లైటు. నూకరత్నం ఆ పసుపును చూసి, ఇన్నాళ్ళకు ఎవరో తన మాట నమ్మినట్టుగా కళ్ళు తుడుచుకుంది. అక్కడే కూర్చుని రెండు పీల్పులు తీసుకుంది.

ఆదివారం వాకర్స్ క్లబ్బు సమావేశానికి చైత్ర వెళ్ళింది. నూకరత్నం రానంది గానీ చైత్ర చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పరీక్షకు ముందు ఎవరెవరు జ్యూసు తాగారని డాక్టరు అడిగితే, దాచిపెట్టే పనే లేదన్నట్టు రెండు వందల చేతులు లేచాయి. బెహరా గారయితే అల్మారాలోంచి క్లబ్బు మినిట్స్ పుస్తకం తెప్పించి, కళ్ళజోడు సవరించుకుని, సగర్వంగా చదివారు.

"తీర్మానం నంబరు పద్నాలుగు. మన పార్కు ఆరోగ్యమే ఊరి ఆరోగ్యానికి కొలబద్ద కాబోతున్నందున, పరీక్షల వారంలో సభ్యులందరూ రోజూ తాగే ఒక గ్లాసు ఆకుకూరల రసానికి బదులు రెండు గ్లాసులు సేవించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

పుస్తకం మూసి ఆయన చుట్టూ చూశారు. చైత్ర ముఖం చూశాక ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"అది ఆహారం కిందికి ఎలా వస్తుందమ్మా? ఏకాదశి ఉపవాసం నాడు కూడా మేం అది మానం. మందు వేసుకున్నట్టు వేసుకుంటాం. మీరడిగితే ఏమీ లేదని చెప్పాం, అబద్ధమని ఎవరికీ అనిపించలేదు."

చైత్ర ఆయన్ను తప్పుపట్టలేదు. పొరపాటు తనదేనంది. కాగితం రాసి పంచాను గానీ, మీ ఉదయం ఎలా మొదలవుతుందో ఒక్కరోజైనా వచ్చి చూడలేదంది. తర్వాత ఆ పట్టిక వల్ల ఏం జరిగిందో చెప్పింది. ఆరోగ్యవంతులు రెండేసి గ్లాసులు తాగి అంకె పెంచుకుంటే, జబ్బున్న వాళ్ళ అంకె దాని పక్కన మామూలుగా కనిపించి, మందు సగానికి తగ్గిపోయిందని చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా బెహరా గారు గోడకానుకుని నిలబడ్డ నూకరత్నం వైపు చూశారు. ఎత్తు ఎక్కుతూ ఆగిపోయిన బండి గుర్తొచ్చిందో, తను చెప్పిన మనసు భయం మాట గుర్తొచ్చిందో, కాసేపు తలెత్తలేదు.

సత్యవాణి గారు అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న అడిగారు. "అయితే ఇన్నేళ్ళూ మేం తాగింది మంచిదేనా, కాదా?"

నూకరత్నం గోడ దగ్గరి నుంచి ఒక అడుగు ముందుకేసింది.

"ఎంతో మంచిది," అంది చైత్ర. "ఊదాక తాగండి. అంతే."

ఆ సాయంత్రమే ఆమె రాష్ట్ర కమిటీకి ఉత్తరం రాసి తన పట్టికను వెనక్కి తీసుకుంది. వార్డులోని గొట్టాల్లోకి పాత పట్టిక మళ్ళీ ఎక్కింది. మర్నాడు పొద్దున టైలరు అప్పలరాజుకూ పసుపు వెలిగింది. వాకర్ల పరీక్ష మొదటి నుంచి మొదలైంది. ఈసారి బెహరా గారు స్వయంగా గేటు దగ్గర కాపలా నిలబడి, నడకకు ముందు ఎవరినీ బండి దరిదాపులకు పోనివ్వలేదు. సగటు పద్దెనిమిది వచ్చింది. మంచు దేశం వాళ్ళకూ మనకూ ఊపిరిలో ఉన్న తేడా, చివరికి లెక్క తేలితే, తోటకూర కట్టంత.

కథ ఇక్కడితో ముగిసేదే. ఊదుగొట్టం ఊరుకోలేదు.

కొత్త పరీక్ష అయ్యాక చైత్ర కృతజ్ఞతగా ఒక ఊదుగొట్టాన్ని క్లబ్బుకు బహుమతిగా ఇచ్చింది. దాన్ని కమ్యూనిటీ హాల్లో గోడకు బిగించారు. రోజూ ఊదడం, అంకె బోర్డు మీద రాయడం, పక్కవాడి అంకె చూసుకోవడం మొదలైంది. ఊదాక తాగండి అన్న డాక్టరు మాట తీర్మానం నంబరు పదిహేను అయింది. హాలు తలుపులు తెరిచేది ఏడింటికి. అందరూ ఊదేసరికి ఏడున్నర. అంతకుముందు ఒక్కరు కూడా గ్లాసు ముట్టుకోరు. ఐదింటికి బండి పెట్టుకుని రెండు రోజులు ఊరికే నిలబడ్డ నూకరత్నం మూడో రోజు నుంచి ఏడున్నరకే రావడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆరింటిదాకా పడుకుంది. ఎండ ఎక్కి, పూల ఘాటు సద్దుమణిగాక, నింపాదిగా టీ తాగి, బండి తోసుకుంటూ వచ్చేది. ఎత్తు మీద ఎక్కడా ఆగలేదు.

డిసెంబరు మూడో వారంలో చైత్ర ఆమె అంకెలు చూడటానికి వచ్చింది. చెట్లకు పూలు ఇంకా ఉన్నాయి. ఇన్‌హేలర్ నిన్నటిదాకా రెండు పీల్పులే ఇచ్చింది. ఊదితే పంతొమ్మిది. చైత్ర మళ్ళీ ఊదించింది. పంతొమ్మిదే. రెండేళ్ళుగా మందుతో దిగని అంకె, మూడు గంటలు ఆలస్యంగా గేటు దగ్గరికి రావడంతో దిగింది. ఈసారి వెలిగిన ఆకుపచ్చ నిజమైన ఆకుపచ్చ. ఈ వైద్యాన్ని రిపోర్టులో ఏ గడిలో రాయాలో తెలియక చైత్ర పెన్ను పట్టుకుని కూర్చుంది.

వెనకాల నిలబడి అంకె చూసిన బెహరా గారి ముఖం చిన్నబోయింది. ఏడు కిలోమీటర్లు నడిచినా ఆయనకు ఎప్పుడూ ఇరవై రెండుకు తగ్గదు. ఉబ్బసం మనిషికి పంతొమ్మిదా.

"ఏం చేస్తున్నావమ్మా నూకరత్నం? కొత్తగా ఏం తింటున్నావు?"

"తినడానికేటుంది బాబూ, మామూలే. ఆరింటిదాకా పడుకుంటన్నాను."

ఆమె ఊరికే నిజం చెప్పింది. ఇది ఆమె జబ్బుకు సంబంధించిన సంగతి, తెల్లవారుజాము పూల ఘాటు ఆమెకు పడదు, మీకు ఆ ఇబ్బందే లేదు అని చైత్ర ఆయనకు వివరించబోయింది గానీ, అప్పటికే బెహరా గారు పక్కకు వెళ్ళి సత్యవాణి గారితో గుసగుసలాడుతున్నారు.

మర్నాడు ఐదింటికి కొండవాలు పార్కులో ఊడ్చే యంత్రం తప్ప ఎవరూ తిరగలేదు. ఏడున్నరకు నూకరత్నం వచ్చేసరికి కూడా దారులన్నీ ఖాళీ. హాల్లో నోటీసు బోర్డు మీద తీర్మానం నంబరు పదహారు అతికించి ఉంది. శ్వాసకోశ ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని సభ్యులందరూ ఇకపై ఆరు గంటల వరకు విధిగా నిద్రించవలెనని.

ఎనిమిదింటికి బెహరా గారు ఆవులిస్తూ వచ్చారు. పద్దెనిమిదేళ్ళుగా ఒక్కరోజు మానని నడక ఆ రోజు మానేశారు. నేరుగా హాల్లోకి వెళ్ళి, వేడి పాల మీద మీగడను తలుచుకుని, పది లెక్కపెట్టేదాకా ఊదారు. ఇరవై రెండు.

బయటికొచ్చి, నూకరత్నం అందించిన గ్లాసు పుచ్చుకుని, ఆలోచనగా తాగి, మూతి తుడుచుకుని అన్నారు.

"రేపు ఏడింటిదాకా పడుకుని చూస్తాను."